టోపీ పెట్టుకుంటే కుడివైపు

మా అక్క పియానో కచేరీలు చేస్తుంది. ఈ మాట చెప్పగానే కొందరు "అలాగా, మరి ఉద్యోగం ఏం చేస్తుంది?" అంటారు. మిగతావాళ్ళు మా ఇంట్లో పెళ్ళికి వచ్చి ఓ గంట వాయిస్తుందా అని అడుగుతారు. వాయించేది రొమాంటిక్ సంగీతం అని చెబితే ఇంకా ప్రమాదం. మా పక్కింటి పెద్దాయన ఆ మాట విని, ఈ వయసులో అవేం పాటలమ్మా అని మొహం మీదే అనేశాడు. అవి ప్రేమపాటలు కావనీ, తుఫానూ దిగులూ కోపమూ ఆశా అన్నీ కలిపి, పది వేళ్ళకి మించిన పని ఒకే పీసులో కుక్కిపెట్టిన పంతొమ్మిదో శతాబ్దపు మహానుభావుల నిర్వాకమనీ చెప్పబోయాను. ఆయన అప్పటికే తలుపు వేసుకున్నాడు.

నేను పియానోలు శ్రుతి చేస్తాను. అక్క కచేరీ ఉన్న ప్రతి చోటికీ పొద్దున్నే వెళ్ళి, మూత ఎత్తి, రెండు వందల పైచిలుకు తీగల్ని ఒక్కొక్కటే సరిచేసి వస్తాను. ముప్పై ఏళ్ళలో ఒక్క పత్రిక గానీ, ఒక్క శ్రోత గానీ, ఆఖరికి మా అక్క గానీ శ్రుతి బాగుంది అన్న పాపాన పోలేదు. బాగా లేకపోతే మాత్రం అందరికీ చెవులు పుట్టుకొస్తాయి. ఇది నా కథ కాదు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

అక్కకి ఏడేళ్ళప్పుడు మా వీధి చివర ఓ బడి మూతపడింది. అందులో ఉన్న పాత పియానో ఎవరు మోసుకుపోతే వాళ్ళదే అన్నారు. ఊరికే వస్తుందంటే మా నాన్న దేన్నీ వదిలేవాడు కాదు. ఆరుగురిని పెట్టి మోయించుకొచ్చాడు. అది వీధి గుమ్మంలో ఇరుక్కుపోయి అటూ కదలదు, ఇటూ కదలదు. రెండు రోజులు ఇంటిల్లిపాదీ వంటింటి కిటికీలోంచి రాకపోకలు సాగించాం. మూడో రోజు వడ్రంగి వచ్చి తలుపు చట్రం ఊడదీస్తే పియానో లోపలికొచ్చింది, అమ్మానాన్నల మంచం వసారాలోకి పోయింది. ఆ మంచం మళ్ళీ గది మొహం చూడలేదు.

ఆ పియానోలో మూడు మీటలు మూగవి. ఎంత నొక్కినా పలకవు. అక్క వాయిస్తూ వాయిస్తూ ఆ మూడు చోట్లా స్వరాన్ని నోటితో పాడి పూరించేది. ఆ మూడూ బాగుచేయాలనే మంకుపట్టుతోనే నేను ఈ వృత్తిలో పడ్డాను. పదహారో ఏట బాగుచేశాను కూడా. అయినా అక్క పాడటం మానలేదు. ఇప్పటికీ ఎంత గొప్ప హాల్లో, ఎంత ఖరీదైన పియానో మీద వాయించినా సరిగ్గా ఆ మూడు స్వరాల దగ్గర ఆమె నోట్లోంచి సన్నగా "ఊ" అని వస్తుంది. అదేదో భావోద్వేగం అనుకుని మొదటి వరసలో వాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు.

అక్కకి పాఠం చెప్పిన పంతులమ్మ గట్టి మనిషి. ఆమెకి ఒకటే నియమం. కచేరీలో పియానో మీద పుస్తకం కనబడకూడదు, ఎంత పెద్ద పీసయినా కంఠతా రావాల్సిందే. "సొంత బిడ్డని కాగితం చూసి పేరు పెట్టి పిలుస్తామా?" అనేది. ఆ మాట అక్క మనసులో మేకులా దిగిపోయింది. వేల కొద్దీ స్వరాలు, వందల కొద్దీ పేజీలు ఆమె బుర్రలో ఉన్నాయి. ఇంటి తాళంచెవులు ఎక్కడ పెట్టిందో మాత్రం ఏనాడూ గుర్తులేదు.

పెద్ద పెద్ద చేతులున్నవాళ్ళు తమ చేతుల కొలతకి రాసుకున్న సంగీతం అది. మా అక్కవేమో చిన్నపిల్ల చేతులు. ఒక్కసారిగా నొక్కాల్సిన స్వరాలు అందక, కింది నుంచి పైకి ఒకదాని వెంట ఒకటి జార్చి వాయించేది. ఓ పత్రికాయన దాన్ని "ఆమెకే చెల్లిన శైలి" అని రాశాడు. ఇరవై రెండేళ్ళకి ఓ పోటీలో మూడో బహుమతి వచ్చింది. పోటీలో ఉన్నది ముగ్గురే అని మా ఇంట్లో ఎవరూ బయట చెప్పం. ఆ తర్వాత హోటలు లాబీలో భోంచేసేవాళ్ళ కోసం వాయించింది, డాన్సు స్కూల్లో పిల్లల గెంతులకి వాయించింది, పాఠాలు చెప్పింది. మెల్లగా ఏడాదికి తొమ్మిదో పదో సొంత కచేరీలు కుదిరాయి. వయొలిన్ వాళ్ళు తమ వాయిద్యాన్ని చంకన పెట్టుకుని తిరుగుతారు. పియానో వాళ్ళది కొత్త కోడలి బతుకు. ఏ ఊళ్ళో ఏది చూపిస్తే దానితో సర్దుకోవాలి.

మా బావ బస్సు డిపోలో టైమ్‌కీపరు. వాళ్ళ పరిచయం డిపో కిటికీ దగ్గర జరిగింది. బస్సు ఒక నిమిషం ముందే వెళ్ళిపోయిందని అక్క గొడవపడింది, వెళ్ళలేదని బావ చీటీలు చూపించి రుజువు చేశాడు. ఆ వాదన ఇంకా తేలలేదు. మధ్యలో పెళ్ళి జరిగింది, అంతే.

బావకి సంగీతం రాదు. వచ్చినట్టు నటించడు కూడా, ఆ విషయంలో ఆయన మీద నాకు గౌరవం. కానీ అక్క ప్రతి కచేరీకీ వచ్చి, డిపో టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, మొదటి వరసలో కూర్చుని, ఏ పీసుకి ఎన్ని నిమిషాలు పట్టిందో జేబు పుస్తకంలో రాసుకుంటాడు. ఎందుకని అడిగితే చెప్పడు. ఇంటికొచ్చాక "పోయినసారి కంటే నలభై సెకన్లు ఆలస్యంగా నడిపావు" అంటాడు. రొమాంటిక్ సంగీతంలో కాలాన్ని ఒక చోట సాగదీస్తారు, ఇంకో చోట లాగి పట్టుకుంటారు, గడియారంలా వాయిస్తే దాన్ని సంగీతమనరు అని అక్క చెప్పి చెప్పి అలిసిపోయింది. చివరికి ఒక్కటే మాట మిగిలింది. "దానికి ఎంత పట్టాలో అంత పడుతుంది" అనేది. ఇలా అయితే డిపో మూసుకోవాల్సిందే అనేవాడు బావ.

అక్కకి యాభై నాలుగో ఏట అసలు సంగతి జరిగింది.

మా టౌను హాల్లో సంగీత సభ వాళ్ళ సాలీనా కచేరీ. అక్క వాయించేది ఓ పెద్ద బల్లాడు, అంటే మాటల్లేని కథ అనుకోండి, పన్నెండు నిమిషాలది. అందులో ఒక కూడలి ఉంది. ఓ చిన్న స్వరాల వరస రెండుసార్లు వస్తుంది, రెండుసార్లూ అచ్చు ఒకటే. మొదటిసారి దాని తర్వాత ఎడమ చెయ్యి ఒక దారి పట్టి, రెండు నిమిషాలు తిరిగి మళ్ళీ అక్కడికే తెస్తుంది. రెండోసారి వేరే దారి పట్టి ముగింపుకి పోవాలి. ఇది మొదటిసారా రెండోసారా అన్నది ఆ స్వరాలు చెప్పవు, పుస్తకం లేకుండా వాయించేవాళ్ళకే గుర్తుండాలి. ఆ రోజు అక్కకి గుర్తులేదు. రెండోసారి కూడా మొదటి దారే పట్టి, మళ్ళీ కూడలికి వచ్చి, మళ్ళీ అదే దారి పట్టింది. అలా మూడుసార్లు ఎక్కువ తిరిగింది. నేను తెర పక్కన కూర్చుని చెమటలు తుడుచుకుంటున్నాను. ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు.

శ్రోతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పత్రికాయన "వేదనని విడవలేని ఆ మనసు" అని రెండు పేరాలు రాశాడు. కనిపెట్టింది ఇద్దరమే. నేను, బావ. ఇంటికొస్తుంటే దార్లో ఆయన పుస్తకం తీసి, "ఆరు నిమిషాల ఇరవై సెకన్లు ఎక్కువ. మూడు ట్రిప్పులు ఎక్కువ తిప్పావు" అన్నాడు. అక్క ఎప్పటిలా పోట్లాడలేదు. దారి పక్క అరుగు మీద కూలబడి ఏడ్చింది. బావ ఆ పుస్తకం జేబులో పెట్టేసుకుని, తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

ఆ తర్వాత అక్కకి ఏ పీసు వాయిస్తున్నా కూడలే కనిపించేది. ఏడాదిలో ఆరు కచేరీలు వదులుకుంది. మళ్ళీ సభ కచేరీ దగ్గరపడింది, అదే హాలు. కార్యదర్శి వచ్చి అదే బల్లాడు కావాలన్నాడు, జనం అడుగుతున్నారట. అక్క ఒప్పుకుంది. ఆయన వెళ్ళాక మా ఇద్దరితో చెప్పింది. "ఈసారి కూడా తిరిగానంటే మూత వేసేస్తాను. ఇక స్టేజి ఎక్కను."

ఆ గొంతులో బెదిరింపు లేదు. అందుకే నాకు భయమేసింది. పాఠాలు చెప్పుకుంటూ బతకొచ్చు, అన్నం దొరుకుతుంది. కానీ ఏడేళ్ళప్పుడు మూగ మీటల మీద పాడిన ఆ పిల్ల అందులో ఉండదు. ఆ సంగతి బావకీ తెలుసు.

ముందు నేను ఓ ఉపాయం చెప్పాను. పంతులమ్మ పోయి పదేళ్ళయింది, ఇంకా ఎవరికి భయం, పుస్తకం పెట్టుకో, పేజీలు నేను తిప్పుతాను అన్నాను. స్నేహితుల ముందు ఓ చిన్న హాల్లో ప్రయత్నించాం. మూడో పేజీ దగ్గర నా వేలికి చెమట పట్టి రెండు కాగితాలు కలిసి తిరిగాయి. వెనక్కి తిప్పబోతే పుస్తకం జారి మీటల మీద పడింది. ఆ చప్పుడు కూడా శ్రుతిగానే వచ్చింది, కానీ అది ఒప్పుకునే స్థితిలో అక్క లేదు. పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు.

పన్నెండో రోజు బావ నోరు విప్పాడు.

"మా రింగు రూటు బస్సుకీ ఇదే జబ్బు," అన్నాడు. "చౌరస్తాలో మొదటిసారి ఎడమకి పోవాలి. కాలనీ చుట్టి మళ్ళీ అక్కడికే వస్తుంది. రెండోసారి కుడికి తిరిగి డిపోకి రావాలి. కొత్త డ్రైవర్లు కాలనీలోనే తిరుగుతూ ఉంటారు."

"మరి ఏం చేస్తారు?" అంది అక్క.

"ఏముంది, చౌరస్తాలో ఓ మనిషిని నిలబెడతాం."

ఆ మనిషి తనేనట. పీసు మొదలైన ఎనిమిది నిమిషాలకి రెండో కూడలి వస్తుందని ఆయన పుస్తకం చెబుతోంది. మొదటి వరసలో కూర్చుంటాడు. సమయం కాగానే ఒళ్ళో ఉన్న టోపీ తలకి పెట్టుకుంటాడు. టోపీ లేకపోతే ఎడమ, టోపీ ఉంటే కుడి. ఆ సైగ నేను చేస్తాను, నాకు నోట్స్ చదవడం వచ్చు కదా అన్నాను. అక్క నా వైపు ఓ చూపు చూసింది. పేజీల సంగతి ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి ఊరుకున్నాను.

రెండు వారాలు ఇంట్లో సాధన చేశారు. ముందు గదిలో అక్క పియానో, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని బావ. ఒక్కసారి కూడా తేడా రాలేదు. అక్క మొహంలో కాస్త రంగు వచ్చింది. జన్మలో ఒక్కరికీ టోపీ వేయని మనిషి, ఇంట్లో కూర్చుని రోజుకి పదిసార్లు తనే పెట్టుకుంటున్నాడని నేను వేళాకోళం చేశాను. ఎవరూ నవ్వలేదు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి కచేరీ. నేను పొద్దున్నే వెళ్ళి పియానో అంతా చూశాను. తీగలు చూశాను, వాటిని కొట్టే సుత్తులు చూశాను, పెడళ్ళు చూశాను. స్టూలు చూడలేదు. స్టూలు నా పని కాదు. ఈ మాట తర్వాత నేను చాలామందికి చెప్పాల్సి వచ్చింది.

అక్క స్టేజి మీదికి వచ్చింది, వంగి నమస్కరించింది, కూర్చుంది. బావ గడియారం చూసుకున్నాడు. డ్రైవరు సీట్లో కూర్చున్న క్షణం నుంచి బండి కదిలినట్టే లెక్క, అది డిపో రూలు. ఇంట్లో అక్క కూర్చోవడం, మొదలుపెట్టడం ఒకేసారి జరిగేవి. ఇక్కడ స్టూలు ఎత్తు ఎక్కువైంది. అక్క పక్కనున్న బుడిపె తిప్పింది. అది కీచుమంది, స్టూలు ఇంకా పైకి లేచింది. ఇటు తిప్పింది. దిగి దిగి నేలకి అంటుకుంది. హాల్లో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. అక్క లేచి, స్టూలుతో కాసేపు కుస్తీ పట్టి, దాన్ని ఓ దారికి తెచ్చి, మళ్ళీ కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, హాలు సద్దుమణిగేదాకా ఆగింది. ఇదంతా అయ్యేసరికి రెండు నిమిషాలు గడిచిపోయాయి. బావ మాత్రం లెక్క మళ్ళీ మొదలుపెట్టలేదు. బండి బయల్దేరిపోయింది కదా.

నాకు ఈ ఆలోచన అప్పుడు తట్టలేదు. అక్క మొదలుపెట్టింది, నేను అన్నీ మరిచిపోయాను. ఎంత చిరాకు మనిషినైనా ఆ మొదటి స్వరాలు వింటే మెత్తబడిపోతాను, దాచుకోవడం దేనికి. నాలుగు నిమిషాలు, ఐదు నిమిషాలు. మొదటి కూడలి దగ్గరికొస్తోంది. యథాలాపంగా మొదటి వరస వైపు చూశాను. బావ మణికట్టు చూసుకుంటున్నాడు. రెండో చెయ్యి టోపీ మీద ఉంది.

అప్పుడు నాకు స్టూలు గుర్తొచ్చింది, పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన గడియారం ప్రకారం ఎనిమిది నిమిషాలు. పీసు ప్రకారం ఆరు. ఇది మొదటి కూడలి. టోపీ నమ్మి కుడికి తిరిగితే కథలో నడి భాగమే ఎగిరిపోయి, ముగింపులో పడుతుంది. సరే, టోపీ నమ్మదనే అనుకుందాం. అది నమ్మకపోతే ఆమెకి ఇంకేం ఆధారం ఉంది? ఏడాదిగా ఆమె నమ్మనిది తన జ్ఞాపకాన్నే కదా. నేను అరవలేను, చెయ్యి ఊపలేను, ఆమె వీపు వైపు ఉన్నాను. బావ నిటారుగా కూర్చుని, టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు.

అక్క తల తిప్పి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఇంట్లో ఆయన "ఆలస్యంగా నడిపావు" అన్నప్పుడల్లా చూసే చూపు. తల అడ్డంగా ఊపింది. మైమరచి ఊగుతోందని హాలంతా అనుకుంది. ఎడమ చెయ్యి ఏ తొట్రుపాటూ లేకుండా ఎడమ దారి పట్టింది.

తప్పు తనదేనా అని బావ గడియారం చూసుకున్నాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, స్టూలు వైపు చూశాడు. టోపీ తీసేశాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో బండిని రెండు నిమిషాలు ముందు వదిలానని ఎవరైనా నిరూపిస్తే ఆ మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. తర్వాత నేను కలలో కూడా ఊహించని పని చేశాడు. గడియారం విప్పి జేబులో పడేసి, కళ్ళు మూసుకున్నాడు.

ఇప్పుడు ఆయన దగ్గర ఏ లెక్కా లేదు. రెండో కూడలికి ఇంకో రెండు నిమిషాలు ఉంది. అక్క కాలనీ చుట్టి వస్తోంది. ఒక చోట సాగదీసింది, ఇంకో చోట లాగి పట్టుకుంది, ఎప్పటిలాగే. ఆ మూడు స్వరాల దగ్గర సన్నగా "ఊ" అంది. చూద్దును కదా, మొదటి వరసలో కళ్ళు మూసుకున్న మా బావ పెదాలు కూడా సరిగ్గా అక్కడే కదిలాయి. కూడలికి రెండు స్వరాల ముందు, కళ్ళు తెరవకుండానే, చెయ్యి ఎత్తి టోపీ పెట్టుకున్నాడు.

అక్క చూసింది. కుడికి తిరిగింది.

ముగింపు ఎలా వాయించిందో నన్నడగొద్దు, నాకు కళ్ళు సరిగా కనబడలేదు. చప్పట్లు మాత్రం విన్నాను. కార్యదర్శి పరుగెత్తుకొచ్చి వచ్చే ఏటి తేదీ ఖాయం చేసుకుని, స్టూలు ఎవరు చూసుకోవాలయ్యా అని నా మీద పడ్డాడు.

స్టేజి వెనక గదిలో అక్క నీళ్ళు తాగుతోంది, బావ గుమ్మం దగ్గర టోపీ నలుపుతూ నిలబడ్డాడు. మొదటిసారి టోపీ తప్పని ఎలా తెలిసిందని నేనే అడిగాను. "స్టూలుతో కుస్తీ పడకముందే ఈయన గడియారం చూసుకున్నారు. ఈయన బండి ముందే తీసేశారని అప్పుడే అనుకున్నా," అంది అక్క. "ఈయన టైము తప్పని చెప్పడంలో నాకు ముప్పై ఏళ్ళ సాధన. అది ఎందుకు మరిచిపోతాను?"

బావ తలొంచుకున్నాడు. అక్క గ్లాసు కింద పెట్టి ఆయన దగ్గరికి వెళ్ళింది. రెండోసారి ఎలా తెలిసిందని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. మామూలుగా ఆయన చెప్పే మాటే తను అడిగింది.

"ఎంతసేపు పట్టింది?"

"చూసుకోలేదు," అన్నాడు బావ.

అక్క నవ్వింది, నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. ఆయన టోపీ తీసుకుని సరిచేసి తలకి పెట్టింది. బస్సు టైమవుతోందని నేనే వాళ్ళకి గుర్తుచేయాల్సి వచ్చింది.

ఆ మర్నాడు పొద్దున వాళ్ళింటికి వెళ్తే బావ పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. ఇతరుల పుస్తకాలు చూడటం తప్పే, చూశాను. ముప్పై ఏళ్ళ కచేరీలు, పీసు పేరు, తేదీ, నిమిషాలు, సెకన్లు, ఒక్క కొట్టివేత కూడా లేకుండా. ఆఖరి వరసలో బల్లాడు, నిన్నటి తేదీ. నిమిషాలు ఉండాల్సిన చోట డిపో వాళ్ళ గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: ఎంత పట్టాలో అంత.